ఉచిత ఆన్‌లైన్ టూల్స్‌తో పాఠం: పిల్లలకు ఉపయోగమా, పీరియడ్ వృథానా?

పొదిలి_సైన్స్:
గత నెల తొమ్మిదో తరగతికి నీళ్ళ పాఠం చెబుతూ ఒక గూగుల్ షీట్ (అందరూ కలిసి నింపే ఆన్‌లైన్ పట్టిక) తెరిచాను. మీ బోరు ఎన్ని అడుగులు, ఏ సంవత్సరం వేయించారు, తాగడానికి ఏ నీళ్ళు వాడుతున్నారు, ఇంట్లో అడిగి రాసుకురమ్మన్నాను. మర్నాడు బడిలో ఉన్న ఆరు కంప్యూటర్ల దగ్గర 38 మంది సర్దుకుని అందరూ ఒకే షీట్‌లో నింపారు. పాత బోర్లు 200 అడుగుల దగ్గర ఉంటే, కొత్తవి 700 దాటాయి. గ్రాఫ్ వచ్చాక ఒకబ్బాయి "సార్, ఇది మా తాత వేయించిన బోరు, ఇది మా నాన్నది" అని స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాడు.

మా పడమటి మండలాల్లో ఫ్లోరైడ్ బాధ అందరికీ తెలిసిందే. లోతు బోర్లలో నీళ్ళు ఏళ్ళ తరబడి రాతిని అంటుకుని ఉంటాయి కాబట్టి రాతిలోని ఫ్లోరైడ్ నీళ్ళలోకి కరుగుతుందని, తాగే నీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతేనే 1.5 వరకు ఒప్పుకుంటారని చెబితే ఆ రోజు వాళ్ళు విన్న తీరు వేరు. స్టాఫ్‌రూమ్‌లో మాత్రం "సిలబస్ ఎప్పుడవుతుంది?" అంటున్నారు. మీరేమంటారు?

పెన్నాతీరం:
మాష్టారూ, మీ పాఠం బాగుంది. కానీ అది బోర్ల గొప్పతనం, షీట్ గొప్పతనం కాదు. గ్రాఫ్ పేపరు మీద కూడా ఇదే వచ్చేది.

నేను తెలుగు చెబుతాను, నెల్లూరు దగ్గర. పోయినేడు పిల్లలంతా కలిసి ఒకే పేజీలో కథ రాయాలని ఒక ఉచిత సైట్‌లో కూర్చోబెట్టాను. లాగిన్లకే 20 నిమిషాలు పోయాయి. 'అమ్మ' కొట్టగలిగిన పిల్లవాడు 'జ్ఞానం' దగ్గర ఆగిపోయాడు. జ ఉంది, ఞ ఎక్కడుందో తెలియదు. చివరికి సగంమంది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాశారు. తెలుగు పీరియడ్‌లో అది చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు. వేసవి సెలవులయ్యాక తెరిస్తే ఆ సైట్ డబ్బు కట్టమంది. కథ లోపలే ఉండిపోయింది. పిల్లలకు ఏం చెప్పాలి?

కావలి_లెక్కలు:
ఉచితం అన్నవన్నీ ఒకటి కాదు సార్. పిల్లలంతా కలిసి రాసే ఆన్‌లైన్ బోర్డు జామ్‌బోర్డ్‌ను గూగుల్ వాళ్ళే 2024 డిసెంబరు 31తో మూసేశారు. పిల్లలు వీడియోలో జవాబు చెప్పే ఫ్లిప్ సైట్ కూడా అదే ఏడాది జూలైలో ఆగిపోయింది. అందుకే నేను కంప్యూటర్‌లోకి దించుకునేవే చూస్తాను. లెక్కల బొమ్మలు గీసే జియోజీబ్రా 2001 నుంచీ ఉంది, నెట్ లేకపోయినా నడుస్తుంది. త్రిభుజం మూల పట్టుకుని లాగితే కోణాలు మారుతుంటాయి, మొత్తం మాత్రం 180 దగ్గరే ఉంటుంది. సైన్స్‌కు కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ ఫెట్ (స్క్రీన్ మీద చేసి చూసే) ప్రయోగాలు కూడా దించుకోవచ్చు. కలిసి రాయడానికి ఇవి పనికిరావు, అది నిజమే.

ఇందుకూరుపేట_అమ్మ:
టీచర్లు మాట్లాడుకుంటున్నారు, ఒక తల్లి మాట కూడా వినండి. మా ఇంట్లో ఫోను ఒక్కటే. మా ఆయన రొయ్యల గుంటల దగ్గరకు తీసుకెళ్తారు, వచ్చేసరికి రాత్రి ఎనిమిది. అప్పుడు పాప బడివాళ్ళ ఆన్‌లైన్ బోర్డులో బొమ్మ పెట్టాలని ఏడుస్తుంది, ఇద్దరికీ టెన్షన్. ఇంకోటి, ఆ బోర్డులో పాప పూర్తి పేరు, ఫోటో, ఊరు ఉన్నాయి. లింకు ఉంటే ఎవరైనా చూడొచ్చట. 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 డేటా రక్షణ చట్టంలో రాశారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

పొదిలి_సైన్స్:
అమ్మా, మీరు చెప్పింది పూర్తిగా న్యాయం. నా షీట్‌లో కూడా పేర్లు ఉన్నాయి. మీ మాట చదివాక పేర్లన్నీ తీసేసి రోల్ నంబర్లు పెట్టాను, లింకు కూడా మూసేశాను. ఇక నుంచి ఇంటి ఫోను మీద పని ఇవ్వను. ఏదున్నా బడిలోనే.

పెన్నాతీరం గారూ, గ్రాఫ్ పేపరు గురించి ఒక్క మాట. మొదటి రోజే ఒక పిల్లవాడు పొరపాటున అంతా సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాడు, భయంతో వణికిపోయాడు. మార్కాపురం పలకల మీద రాసి పెరిగినవాళ్ళం, చెరిపితే పోయినట్టే అని మనకు తెలుసు. వాడికి వెర్షన్ హిస్టరీ (షీట్ పాత రూపాలు దాచి ఉంచే చోటు) తెరిచి, పది నిమిషాల క్రితం షీట్ తెప్పించి చూపించాను. రెండు రోజుల తర్వాత ఒక అమ్మాయి వచ్చి "మా బోరు 650 కాదు సార్, 560. నాన్న మళ్ళీ గుర్తుచేసుకుని చెప్పాడు" అని తనే మార్చింది, గ్రాఫ్ దానంతటదే మారింది. కాగితమైతే ఆ ఒక్క అంకె కోసం 38 మంది మళ్ళీ గీసేవాళ్ళా? ఆ అమ్మాయైనా వచ్చి చెప్పేదా?

పెన్నాతీరం:
షీట్‌తో పిల్లలకు తప్పు దిద్దుకునే ధైర్యం వస్తుందంటే, అది ఒప్పుకుంటాను. కథ మాత్రం నేను కాగితం మీదే రాయిస్తాను. అక్షరం చేతికి రావాలి.

అయితే మీ షీట్ ఖాళీది ఒకటి పంపండి. గడుల పేర్లు తెలుగులో పెట్టుకుంటాను. మైపాడు వైపు నుంచి వచ్చే పిల్లలు, కోవూరు వైపు పిల్లలు ఏ చేపను ఏ పేరుతో పిలుస్తారో ఇళ్ళలో అడిగి నోటుబుక్కులో రాసుకొస్తారు. ఎక్కించడం బడిలోనే, రోల్ నంబర్లతోనే. నెలకోసారి ప్రింటు తీసి నా దగ్గర ఉంచుకుంటాను.