వెదురు విల్లు కొసలు వంచడానికి కుక్కర్ ఆవిరా, గ్యాస్ మంటా?

ప్రశ్న:
150 సెం.మీ. వెదురు బద్దతో విల్లు చేస్తున్నాను. మధ్యలో మందం 14 మి.మీ., కొసల దగ్గర 8 మి.మీ. చివరి 12 సెం.మీ. ముందుకు వంచాలి. కుక్కర్ ఆవిరిలో 20 నిమిషాలు పెట్టి వంచి కట్టాను. విప్పితే సగం వెనక్కి వచ్చేసింది. ఓటీజీలో (కరెంటు ఓవెన్‌లో) పెడితే నయమా?

జవాబు 1:
ఒత్తిడి లేకుండా బయటికొచ్చే ఆవిరి వేడి 100 డిగ్రీలు దాటదు. పైగా వెదురు తోలు నున్నగా ఉంటుంది, తడిని లోపలికి రానివ్వదు. ఎండిన వెదురుకు పొడి వేడే సరైనది.

స్టవ్ చిన్న మంట మీద పెట్టి, బద్దను 6, 7 సెం.మీ. ఎత్తులో పట్టుకుని ఆపకుండా ముందుకీ వెనక్కీ కదపండి. లోపలి వైపు, అంటే విలుకాడి వైపు ఉండే ముఖమే మంటకు చూపాలి. తోలు వైపు పీచు చాలా దట్టంగా ఉంటుంది, విల్లు లాగినప్పుడు సాగే భారమంతా దాని మీదే. అది మాడిందంటే అక్కడే విరుగుతుంది. తోలు మీద నూనెలా చెమ్మ పైకి తేలగానే గుడ్డతో తుడిచి, చెక్క అచ్చుకు ఒత్తి క్లాంపు బిగించండి. కావలసిన దానికన్నా కాస్త ఎక్కువే వంచాలి, కొంత ఎలాగూ వెనక్కి వస్తుంది. పూర్తిగా చల్లారే దాకా విప్పొద్దు. లోపలి ముఖం లేత గోధుమ రంగుకు తిరిగితే మంచిదే, నల్లబడితే వేడి మితిమీరినట్టు.

కణుపు మీద మాత్రం వంపు పెట్టకండి. పీచు అక్కడ మెలిక తిరిగి ఉంటుంది, చీలుతుంది.

జవాబు 2:
కుక్కర్ ఆవిరి మామూలు కర్రకు బాగా పనికొస్తుంది. 25 మి.మీ. మందానికి గంట లెక్క, 15 మి.మీ.కి 35, 40 నిమిషాలు. కుక్కర్‌లో సగానికి మించి నీళ్లు పోయకండి. విజిల్ తీసేసి, ఆ గొట్టానికి వేడి తట్టుకునే సిలికాన్ ట్యూబ్ తొడిగి చెక్క పెట్టెలోకి పంపండి. పెట్టెకు రెండో చివర రంధ్రం తప్పనిసరి. ఆవిరికి దారి మూసుకుపోతే కుక్కర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఇక్కడ అజాగ్రత్త అస్సలు పనికిరాదు. ఆవిరి పట్టిన కర్ర తడి పీల్చుకుంటుంది కాబట్టి కనీసం వారం ఆరాకే నారి కట్టాలి.

జవాబు 3:
ఓటీజీలో 150 సెం.మీ. బద్ద పట్టదు. కొస ఒక్కటే దూర్చి తలుపు తెరిచి ఉంచితే వేడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. పిడికి ఎపాక్సీ జిగురు పెట్టి ఉంటే అది వేడికి మెత్తబడుతుంది, ఆ పొగ అన్నం వండుకునే ఓవెన్‌లో ఉండకూడదు. మైక్రోవేవ్ జోలికి అసలు వెళ్లకండి: లోపలున్న తడి ముందు మరిగి, పైకి ఏమీ కనిపించకుండానే లోపల మాడి అంటుకుంటుంది.

వంటింట్లో మీకు నిజంగా అక్కరకొచ్చేది తూకం కాటా. బద్దను రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. 400 గ్రాముల బద్ద వరసగా మూడు రోజులు గ్రాము కూడా తేడా చూపకపోతే ఆ గదిలో ఆరినట్టే. తడి ఉన్న వెదురు లాగిన చోటే వంగిపోయి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
నారి ఎప్పుడు కట్టవచ్చు?

జవాబు 1:
పొడి వేడి పెట్టాక ఒక రోజు ఆగండి, గాలిలోంచి కాస్త తడి తిరిగి పీల్చుకోవాలి. వెంటనే లాగితే పెళుసుగా ఉండి విరుగుతుంది. మొదట కొద్దిగా 20, 30 సార్లు లాగి, రెండు కొమ్మలూ (పిడికి అటూ ఇటూ ఉండే భాగాలు) సమంగా వంగుతున్నాయో చూసి, గట్టిగా ఉన్న వైపు లోపలి ముఖం గాజు ముక్కతో గీకండి. తోలు వైపు గీకొద్దు. బాణం లేకుండా నారి లాగి వదలొద్దు.