ఎన్‌క్లెక్స్ 150 ప్రశ్నల దాకా వెళ్ళి ఫెయిల్ అయ్యాను, రెండోసారికి ఎలా చదవాలి?

పర్లాకిమిడి సిస్టర్:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. బీఎస్సీ నర్సింగ్ చేసి బరంపురంలో ఒక ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌లో ఆరేళ్ళుగా పని చేస్తున్నాను, అందులో నాలుగేళ్ళు లేబర్ రూమ్‌లోనే. పోయిన నెల హైదరాబాద్ వెళ్ళి ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్, అదే అమెరికాలో నర్సు లైసెన్సుకి రాసే పరీక్ష, రాశాను. కనీసం ఇచ్చే 85 ప్రశ్నల దగ్గరే ఆగుతుందేమో అనుకున్నా, ఆగలేదు, 100 దాటింది, 120 దాటింది, చివరికి 150 అయ్యాకే స్క్రీన్ ఆగింది. బయటికొచ్చేసరికి కాళ్ళు వణుకుతున్నాయి. తర్వాత ఫెయిల్ అని తెలిసింది.

ఎనిమిది నెలలు చదివాను. నోట్సులే నాలుగు లావు పుస్తకాలు అయ్యాయి. ఫీజుల కోసం అమ్మ గొలుసు తాకట్టు పెట్టాం, అది ఇంకా విడిపించలేదు. నాన్న ఏమీ అనలేదు కానీ ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది. ఇంకో సంగతి, నేను పదో తరగతి దాకా ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, నర్సింగ్‌లోకి వచ్చాకే అంతా ఇంగ్లీషు. పెద్ద ప్రశ్న వస్తే రెండుసార్లు చదివితే గానీ అర్థం కాదు.

పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ వచ్చింది. మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్, ఫార్మకాలజీ రెండూ పాస్ స్థాయికి కింద. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, ఇంకా రెండు మూడు దగ్గరగా ఉన్నాయి. బేసిక్ కేర్ ఒక్కటే పైన. మళ్ళీ మొదటి నుంచి అన్ని పుస్తకాలూ చదవాలా? కొత్త కోర్సు కొనాలా? 45 రోజుల తర్వాత వెంటనే రాసేయాలా, ఆగాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

రాయగడ అక్క:
చెల్లీ, ముందు ఆ 150 సంగతి చెప్తాను, నువ్వు దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నావేమో అనిపించింది. కంప్యూటర్ ఒక్కో జవాబు చూసి నీ స్థాయిని లెక్క వేస్తూ పోతుంది, 95 శాతం నమ్మకంతో పాస్ అనో ఫెయిల్ అనో తేలిన క్షణం ఆపేస్తుంది. నీ విషయంలో చివరి ప్రశ్న దాకా తేల్చుకోలేకపోయింది. అంటే నువ్వు గీతకి చాలా దగ్గర్లో ఉన్నావు. ఓదార్పు కోసం అంటున్నది కాదు ఇది, ఆ పరీక్ష లెక్కే అంత.

నేనూ మొదటిసారి పోగొట్టుకున్నాను, రెండోసారి పాసయ్యాను, ఇప్పుడు వీసా కోసం చూస్తున్నాను. నాకూ మేనేజ్‌మెంట్ ఆఫ్ కేరే కింద ఉంది. ఎందుకో చాలా రోజులకి అర్థమైంది. నాకు సబ్జెక్టు రాకపోవడం కాదు, నేను మా వార్డులో ఎలా చేస్తామో అలా జవాబులు పెడుతున్నాను. మన దగ్గర పేషెంట్ పక్కన తాలూకు వాళ్ళు ఉంటారు, స్నానం వాళ్ళే చేయిస్తారు, తినిపించేదీ వాళ్ళే, ఆయమ్మకి ఏ పని చెప్పాలో రాసి ఉన్న రూలు ఏదీ ఉండదు. ఆ పరీక్షలోని వార్డులో తాలూకు వాళ్ళ మీద వదిలేసేది ఏమీ లేదు. నీ కింద ఒక ప్రాక్టికల్ నర్సు (మనకంటే తక్కువ ట్రైనింగ్ ఉన్న నర్సు), ఒక అసిస్టెంట్ ఉంటారు, ఎవరికి ఏ పని అప్పగిస్తావు అన్నదే ప్రశ్న. నిలకడగా ఉన్న పేషెంట్‌కి బీపీ చూడటం, స్నానం, ఇన్‌టేక్ అవుట్‌పుట్ (ఎంత తాగారు, ఎంత మూత్రం పోశారు) రాయడం అసిస్టెంట్‌కి ఇవ్వొచ్చు. కానీ నిన్న స్ట్రోక్ వచ్చి మింగలేకపోతున్న మనిషికి అన్నం తినిపించడం ఇవ్వకూడదు, పని అదే అయినా. మొదటిసారి పరీక్షించడం, నేర్పించడం, ఇచ్చిన మందు, చికిత్స పని చేసిందో లేదో తేల్చడం, ఇవి నువ్వే చేయాలి. ఈ తేడా తలకెక్కాక నాకు సగం ప్రశ్నలు తేలికయ్యాయి.

రెండోది, డాక్టర్‌కి ఫోన్ చేయడం. మనకది అలవాటు, ఏమైనా అయితే ముందు సార్‌కి చెప్పేస్తాం. నువ్వు లేబర్ రూమ్ మనిషివి కాబట్టి నీ పనిలోంచే చెప్తాను. మెగ్నీషియం సల్ఫేట్ డ్రిప్ నడుస్తోంది, మోకాలి రిఫ్లెక్స్ పోయింది, శ్వాస నిమిషానికి 10, అంటే మందు ఒంట్లో ఎక్కువైపోయింది. ముందు ఏం చేస్తావు? డ్రిప్ ఆపాలి. ఆ తర్వాతే ఫోన్, విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ సిద్ధం చేసుకోవడం. రక్తం ఎక్కుతుండగా చలి, నడుం నొప్పి మొదలైనా అంతే, ముందు రక్తం ఎక్కించడం ఆపు. నీ చేతిలో ఉన్న పని పూర్తి చేయకుండా ఫోన్ ఎత్తే జవాబు అక్కడ చాలాసార్లు తప్పు అవుతుంది. అలాగని ముందు పేషెంట్‌ని చూడటమే ఎప్పుడూ కరెక్ట్ అని బట్టీ కొట్టకు. ప్రశ్నలోనే ప్రమాదం తేలిపోయి ఉంటే, మళ్ళీ చూడటం కాదు, చేయడమే జవాబు.

అన్నీ మొదటి నుంచి చదవొద్దు. ఆ నాలుగు నోట్సు పుస్తకాలూ అటకెక్కించు. రిపోర్ట్‌లో కింద ఉన్నవి ముందు, దగ్గరగా ఉన్నవి తర్వాత. రోజుకి 30, 40 ప్రశ్నలు చాలు, కానీ ప్రతి దానికీ, కరెక్ట్ అయినదానికి కూడా, మిగతా ఆప్షన్లు ఎందుకు కాదో ఒక్కో వాక్యం రాయి. తెలుగులో రాయి, ఒడియాలో రాయి, నీ ఇష్టం.

బల్లార్షా బ్రదర్:
అక్కా నమస్తే, మాది బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా. ఇంట్లో తెలుగే, బడి అంతా మరాఠీ, కాబట్టి మీ భాష కష్టం నాకు బాగా తెలుసు. నేను మూడోసారికి పాసయ్యాను.

రాయగడ అక్క చెప్పినదాంట్లో ఒక్కచోట నాది వేరే మాట. 30 ప్రశ్నలు మొదటి నెలకి సరే, కానీ చివరి మూడు వారాలు వారానికి రెండుసార్లయినా ఒకే సిట్టింగ్‌లో 85 చేయండి, ఒకసారి 150 కూడా చేయండి. ఐదు గంటల టైమ్ అది, బ్రేకులు కూడా అందులోనే. నేను రెండోసారి ఫెయిల్ అయింది 90 దాటాక కళ్ళు అక్షరాల మీద నిలవక. చదవడం కూడా ఒక కండలాంటిదే, మనలాంటి వాళ్ళకి ఇంకా ఎక్కువ అలవాటు కావాలి. ముందు చివరి వాక్యం చదివి, అడుగుతున్నది ఏమిటో చూసి, తర్వాత పైనుంచి చదవండి.

2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కేస్ స్టడీలు వదలొద్దు. అందరికీ కనీసం మూడు కేసులు, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు, అంటే 18. వరస ఒకటే ఉంటుంది: ఏది గమనించాలి, దాని అర్థం ఏమిటి, ఏది ముందు, ఏం చేయొచ్చు, ఏం చేస్తావు, ఫలితం ఎలా ఉంది. ఇంకా, వర్తించేవన్నీ ఎంచుకోమనే ప్రశ్నల్లో ఇప్పుడు పాక్షిక మార్కులున్నాయి, కానీ తప్పు ఆప్షన్ నొక్కితే ఒక కరెక్ట్ మార్కు కొట్టేస్తారు. మూడు కరెక్ట్, ఒకటి తప్పు పెడితే రెండే వస్తాయి. అనుమానంగా ఉన్నది ఎందుకైనా మంచిదని నొక్కకండి, నేను చాలా పోగొట్టుకున్నది అక్కడే.

పర్లాకిమిడి సిస్టర్:
అక్కా, బ్రదర్, మీరు రాసింది మూడుసార్లు చదివాను. మెగ్నీషియం ప్రశ్న చూసి ఏడుపొచ్చింది, ఎందుకంటే డ్యూటీలో నేను డ్రిప్పే ఆపుతాను, పరీక్షలో మాత్రం డాక్టర్ అనే పెట్టి ఉంటాను. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఫోన్ చేశారు, అసలు ప్రశ్నలు ఇస్తాం, పాస్ గ్యారెంటీ, లక్షన్నర అన్నారు. నాన్న అడుగుతున్నారు ఏం చేద్దామని.

గుణుపూర్ ట్యూటర్:
అమ్మా, ఆ లక్షన్నర ఇవ్వొద్దు. నాన్నగారికి నా మాటగా చెప్పు. ఒక్కో మనిషికి ఒక్కో రకంగా ప్రశ్నలు పడే పరీక్షకి అసలు ప్రశ్నలు అమ్మేవాడు మోసగాడే. ఒకవేళ నిజంగా దొంగిలించిన అసలు ప్రశ్నలే అయినా, వాటితో రాసినట్టు తేలితే నీ లైసెన్సుకే ముప్పు. ఆ డబ్బుతో ముందు గొలుసు విడిపించండి. మళ్ళీ రాయడానికి 200 డాలర్ల ఫీజు, ఇండియాలో రాస్తే ఇంకో 150, దానిమీద పన్ను, ఇదే పెద్ద ఖర్చు. నువ్వు దరఖాస్తు పెట్టిన అమెరికా స్టేట్ నర్సింగ్ బోర్డుకి మళ్ళీ దరఖాస్తు పెట్టి కొత్త ఏటీటీ (పరీక్ష రాయడానికి అనుమతి పత్రం) తెచ్చుకోవాలి. 45 రోజులన్నది కనీస గడువు, కొన్ని స్టేట్ బోర్డులు ఇంకా ఎక్కువ పెడతాయి, నీ బోర్డు నియమం చూసుకో. నా లెక్కలో నీకు రెండున్నర, మూడు నెలలు సరిపోతాయి, అంతకు మించి లాగితే చదివింది చల్లారిపోతుంది.

ఫార్మకాలజీ కింద ఉందన్నావు. మన పిల్లల్లో చాలామందికి మందు తెలిసే ఉంటుంది, పేరు తెలియదు. మన పారాసెటమాల్ అక్కడ అసిటమినోఫెన్, సాల్బుటమాల్ అల్బ్యుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్, లిగ్నోకైన్ లిడోకైన్. వార్డులో బ్రాండ్ పేరుతో పిలిచే ప్రతి మందుకీ జెనరిక్ పేరు పక్కన రాసుకో. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందుల్లో హెపారిన్‌కి చూడాల్సిన రక్త పరీక్ష ఏపీటీటీ, విరుగుడు ప్రొటమీన్, వార్‌ఫరిన్‌కి పరీక్ష ఐఎన్‌ఆర్, విరుగుడు విటమిన్ కె, ఇలా జంటలుగా గుర్తుపెట్టుకో.

ఇంకొకటి, ఇంటిపేరు. మన వాళ్ళకి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, ఇంకోచోట ఒట్టి అక్షరం ఉంటుంది. ఏటీటీ మీద పేరు పాస్‌పోర్టుతో అక్షరం తేడా లేకుండా ఉందో లేదో ఈసారి కూడా సరిచూసుకో.

పర్లాకిమిడి సిస్టర్:
కన్సల్టెన్సీకి వద్దని చెప్పేశాం. మేట్రన్ గారిని అడిగితే రెండు నెలలు నైట్ డ్యూటీలు తీసేస్తానన్నారు. ఈ రోజు 30 ప్రశ్నలు చేశాను, 17 కరెక్ట్. తప్పిన 13లో 9 ఎవరికి ఏ పని ఇవ్వాలన్నవే. ఎందుకు తప్పో తెలుగులోనే రాశాను, ఒడియా లిపిలో. రాయగడ అక్కా, ఆదివారం సాయంత్రం ఫోన్ చేయొచ్చా?

రాయగడ అక్క:
ఏడింటికి చెయ్యి. ఆ 9 ప్రశ్నలూ పక్కన పెట్టుకుని కూర్చో.