క్లైంబ్‌లో 112 డిగ్రీలు, క్రూయిజ్‌లో 88: సుబారు ఈజే22కి పెద్ద రేడియేటర్ వేయాలా?

డాలస్_601:
అందరికీ నమస్కారం. జెనిత్ సీహెచ్ 601 అనే చిన్న విమానంలో సుబారు ఈజే22 కారు ఇంజన్, ప్రొపెల్లర్ వేగం తగ్గించే బెల్ట్ రిడక్షన్. క్లైంబ్‌లో సుమారు 120 హెచ్‌పీ. రేడియేటర్ పొట్ట కింద స్కూప్‌లో ఉంది: 45×33 సెం.మీ., మందం 5. స్కూప్ నోరు 260 చ.సెం.మీ., వెనక గాలి పోయే దారి 300. కూలెంట్ 50/50 గ్లైకాల్-నీళ్లు, రేడియేటర్‌కి 15 పీఎస్ఐ ప్రెషర్ మూత. బయట 36 డిగ్రీలుంటే 75 నాట్ల క్లైంబ్‌లో నాలుగో నిమిషానికల్లా కూలెంట్ వేడి 112 దాటుతోంది. 110 నాట్ల క్రూయిజ్‌లో 88 దగ్గర నిలుస్తుంది. హీటర్ అక్కర్లేదు కాబట్టి ఆ రెండు పైపులకీ బిరడాలు వేశాను. ఇంకా పెద్ద రేడియేటర్ వేయమంటారా?

లెక్కలమాస్టారు:
రేడియేటర్ జోలికి పోకండి. 120 హెచ్‌పీ అంటే 90 కిలోవాట్లు. అంత పవర్ తీస్తుంటే కూలెంట్‌లోకి ఇంచుమించు 55 కిలోవాట్ల వేడి దిగుతుందనుకోండి. గాలి రేడియేటర్ దాటేసరికి 35 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే సెకనుకు ఒకటిన్నర కిలోల పైచిలుకు గాలి కావాలి. ఆ ఎండలో అది 1.36 ఘనపు మీటర్లు. మీ స్కూప్ నోట్లోంచి అంతా పోవాలంటే గాలి సెకనుకు 52 మీటర్ల వేగంతో రావాలి. 75 నాట్లంటే 40 మీటర్లే! ప్రొపెల్లర్ గాలి కాస్త కలిసొచ్చినా చాలదు. క్రూయిజ్‌లో వేగం పెరిగి పవర్ తగ్గుతుంది కాబట్టి ఈ లోటు బయటపడట్లేదు.

నోరు 420-430కి పెంచండి. వెనక దారి దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 640 దాకా తెరుచుకునేలా కౌల్ ఫ్లాప్ (తెరిచి మూసే రేకు తలుపు) పెట్టండి, క్రూయిజ్‌లో మూసుకోవచ్చు. బయటికొచ్చే గాలి వేడికి వ్యాకోచించి ఉంటుంది, పైగా ప్రెషర్ పోగొట్టుకుని నెమ్మదిగా వస్తుంది. నోరు ఒక్కటే పెంచితే అదనపు గాలి పెదవి మీదుగా బయటికే పొర్లిపోతుంది, మీకు మిగిలేది డ్రాగ్.

రెంచిరాజు:
మాస్టారి లెక్క సరే గానీ, ముందు ఆ బిరడాలు పీకేయండి మహాప్రభో. ఈజేలో థర్మోస్టాట్ (వేడికి తెరుచుకునే వాల్వ్) ఉండేది పంపులోకి నీళ్లు వచ్చే వైపు. హీటర్ లూప్ నుంచి తిరిగొచ్చే వేడినీళ్లు తగిలితేనే ఇంజన్ వేడి దానికి తెలుస్తుంది. ఆ దారి మూస్తే రేడియేటర్ నుంచి వచ్చే చల్లనీళ్లే తగులుతూ సగం మూసుకునే ఉంటుంది, అవతల హెడ్లు కాగుతుంటాయి. రెండు పైపుల్నీ 16 మి.మీ. హీటర్ హోస్‌తో కలిపేయండి, అరగంట పని.

ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ ఎక్కడుంది? ముక్కు పైకెత్తినప్పుడు కూడా అదే అన్నిటికన్నా ఎత్తులో ఉండాలి. ఇంజన్ మీది క్రాస్‌ఓవర్ పైపు పైభాగం నుంచి, రేడియేటర్ పై మూల నుంచి 6 మి.మీ. పైపులు ట్యాంక్‌లోకి, ట్యాంక్ అడుగు నుంచి 19 మి.మీ. పైపు పంపు సక్షన్‌కి. ఈ చివరిది సన్నబడితే పంపు ముందు ప్రెషర్ పడిపోయి బుడగలు పుడతాయి.

మూత 15 పీఎస్ఐ అన్నది బయటి గాలి ప్రెషర్ మీద లెక్క. నేల మీద 129 దగ్గర మరిగేది 10,000 అడుగుల్లో అయిదారు డిగ్రీలు ముందే మరుగుతుంది.

డాలస్_601:
థాంక్సండీ ఇద్దరికీ. బిరడాలు రేపే తీస్తాను. రేకు కోసే ముందు గాలే కారణమని తేల్చుకునే మార్గం ఉందా? పీ-51లో రేడియేటర్ థ్రస్ట్ కూడా ఇస్తుందంటారు, అలా ఏమైనా...

లెక్కలమాస్టారు:
రేడియేటర్ వేడిగాలి థ్రస్ట్ ఇవ్వడాన్ని మెరెడిత్ ఎఫెక్ట్ అంటారు, దాని మీద ఆశలు పెట్టుకోకండి, అది పీ-51 ముస్టాంగ్ వేగాల్లో పనికొచ్చే సంగతి. ముస్టాంగ్ నుంచి కాపీ కొట్టాల్సింది వేరే ఉంది: స్కూప్ పై పెదవికీ పొట్టకీ మధ్య సందు. మీకు 2-3 సెం.మీ. చాలు. పొట్టను రాసుకుంటూ వచ్చే నీరసపు గాలి ఆ సందులోంచి జారిపోతుంది. నోటి నుంచి రేడియేటర్ దాకా గోడలు ఒక్కో వైపు 7 డిగ్రీలకు మించి విచ్చుకోకుండా చూడండి. రేడియేటర్ చుట్టూ ఉన్న సందులన్నీ సిలికాన్ బాఫిల్ పట్టీతో మూయండి. వేలు దూరేంత సందున్నా గాలి అటే పోతుంది.

తేల్చుకోవడం తేలికే. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ట్యూబ్‌ని యూ ఆకారంలో కాక్‌పిట్‌లో బిగించి రంగునీళ్లు పోయండి. ఒక కొస రేడియేటర్ ముందు, రెండోది వెనక. చివర మూసి, గాలికి అడ్డంగా 1.5 మి.మీ. బెజ్జాలు వేసిన రాగి గొట్టాలు వాడండి. ఇండికేటెడ్ 75 నాట్ల దగ్గర మీకు దొరికే మొత్తం డైనమిక్ ప్రెషర్ 93 మి.మీ. నీళ్లు. అందులో మీ రేడియేటర్ కోర్‌కి ముందూ వెనకా తేడా కనీసం 40 రావాలి. 15-20 దగ్గరే ఆగితే డక్ట్‌దే (గాలి దారిదే) తప్పు, రేకు కోయండి. 40 దాటి కూడా కాగుతుంటే రేడియేటర్ ఇన్, అవుట్ హోస్‌ల మీద రెండు సెన్సర్లు పెట్టండి. తేడా 11 డిగ్రీలుంటే నిమిషానికి 80 లీటర్లు తిరుగుతున్నాయి, బాగున్నట్టే. 20 దాటితే నీళ్లే తిరగట్లేదు, రాజు గారి పైపులు చూసుకోండి.