మాంచెస్టర్‌లో నిజంగా రోజూ వానేనా?

అందరికీ నమస్కారం. మా చెల్లికి మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది, జనవరిలో ప్రయాణం. ఇంట్లో ఎవరిని కదిపినా ఒకటే మాట: "అక్కడ ఎండే ఉండదట, ఎప్పుడూ ముసురేనట!" అమ్మకు అదే టెన్షన్.

లెక్కలు చూస్తే వేరేలా ఉంది. లండన్‌లో ఏడాదికి పడేది సుమారు 600 మి.మీ. వాన. మన హైదరాబాద్‌లోనే 800 దాకా పడుతుంది. కాకపోతే మనకు నాలుగు నెలల్లో కుండపోతగా కురిసిపోతుంది, వాళ్లకు ఏడాది పొడవునా జల్లులు జల్లులుగా. అట్లాంటిక్ నుంచి వచ్చే మేఘాలు పడమటి వైపే ఎక్కువ కురుస్తాయి కాబట్టి మాంచెస్టర్‌కు లండన్ కంటే వాన ఎక్కువే. నాకైతే వాన కంటే వెలుతురు సంగతే భయంగా ఉంది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికల్లా సూర్యాస్తమయమే!

అక్కడ ఉంటున్నవాళ్లు కాస్త చెప్పండి. ఈ ముసురు మాట నిజమేనా, ఊరికే పేరు పడిపోయిందా? ఆ గాలికి గొడుగు నిలుస్తుందా, రెయిన్‌కోటే నయమా? చలికోటు ఇక్కడే కొనాలా, దిగాక కొనుక్కున్నా సరిపోతుందా? గదిలో ఆరేసిన బట్టలు రెండు రోజులైనా తడివాసన పోవని ఒకరన్నారు, దానికేం చేస్తారు? చెల్లికి సైనస్ ఉంది, అందుకే ఇంత ఆరా.