రాతి పుదీనాను వేళ్లతో తెచ్చుకోవచ్చా?

టొరంటో తోట:
పోయిన వారం కెనడాలోని ఒంటారియోలో ఉన్న బ్రూస్ ద్వీపకల్పం వెళ్లాం. చదును బండల మీద నడుస్తుంటే అడుగడుగునా పుదీనా వాసన గుప్పుమంది. వంగి చూస్తే చెప్పుల కింద జానెడైనా లేని మొక్కలు, లేత ఊదా పూలు. ఒక గుప్పెడు తెచ్చి పెరట్లో నాటుదామంటే మా ఆవిడ వద్దంది. అడవి మొక్కే కదా, తప్పేముంది?

పెరటి మడి:
తప్పేమీ లేదు. పుదీనాకు చావు లేదు. వంటకు కొన్న కట్టలోంచి నాలుగు కాడలు గుచ్చితే మా మడంతా అల్లుకుంది. గుప్పెడు తీస్తే మళ్లీ వస్తుంది.

నాపరాళ్ల సీమ:
రాదండి. మీరు చూసిన రాతి పుదీనా శాస్త్రీయ నామం క్లినోపోడియం అర్కాన్సానం. తులసిలాగే పుదీనా కుటుంబానిదే, కాడ నాలుగు పలకలుగా ఉంటుంది. కానీ వంటింటి పుదీనా తడి నేలను కోరుతుంది, ఇది సున్నపురాతి పలకల మీద బతుకుతుంది. ఆ నేలను ఆల్వార్ అంటారు, స్వీడిష్ మాట. మంచుయుగంలో హిమానీనదాలు మట్టిని గీకేసిన చోట్లవి. వసంతంలో నీళ్లు నిలుస్తాయి, వేసవిలో పెనంలా కాలుతుంది. నేను బేతంచెర్ల నాపరాళ్ల మధ్య పెరిగినవాణ్ణి, బండ పగులులో చేరిన చారెడు మట్టి విలువ నాకు తెలుసు. కిందటేడు అక్కడే మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఒకే మొక్క పిల్లకాడలు పగులు వెంట మూరెడు దూరం పాకి, ఆ మట్టిని పట్టి ఉంచాయి. మొక్కను లాగితే మట్టీ ఊడి వస్తుంది, తర్వాతి వానకు ఉత్త బండ మిగులుతుంది. మీ శ్రీమతి మాటే సరైనది. పైగా 1987లో అక్కడ ఏర్పడిన బ్రూస్ ద్వీపకల్ప జాతీయ పార్కులో మొక్కలు పీకడం చట్టవిరుద్ధం.

పెరటి మడి:
చట్టం సంగతి ఒప్పుకుంటాను. కానీ దూరం నుంచి చూసి వచ్చేసే మొక్క మీద మమకారం ఎలా పుడుతుంది? చేత్తో పెంచినవాడే రేపు దాని కోసం నిలబడతాడు.

నాపరాళ్ల సీమ:
ఆ మాట నిజం. అందుకే కొని పెంచమంటున్నాను. స్థానిక మొక్కల నర్సరీలలో ఇది దొరుకుతుంది, అడవిలోంచి తవ్వి తెచ్చింది కాదని అడిగి తీసుకోండి. నిండు ఎండ, సున్నపురాతి కంకర చాలు, ఎరువు వద్దు. ఒక జాగ్రత్త: పూల కాడకు ఆకులు సన్నగా, నేలన పాకే కాడలకు చిన్నగా గుండ్రంగా ఉంటాయి. పూలు అయిపోయాక ఆ గుండ్రని ఆకులను చూసి కలుపనుకుని పీకేస్తారు.

టొరంటో తోట:
తొట్టె ఉంది. రేపు కంకర తెస్తాను.