ఉత్తర ఐర్లండ్‌లో మంత్రులను ఎవరు ఎంపిక చేస్తారు?

ప్రశ్న: మన రాష్ట్రాల్లో మంత్రివర్గాన్ని ముఖ్యమంత్రి కూర్చుకుంటారు కదా, ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో ప్రత్యర్థి పార్టీలన్నీ ఒకే ప్రభుత్వంలో ఎలా కూర్చుంటున్నాయో ఎవరైనా వివరించగలరా?

జవాబు: అక్కడ ప్రథమ మంత్రికి ఇతర పార్టీల మంత్రులను ఎంచుకునే అధికారం లేదండీ. అక్కడి ఘర్షణలకు ముగింపు పలికిన 1998 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం ప్రకారం శాసనసభలోని బలాన్ని బట్టి శాఖలు పార్టీలకు దక్కుతాయి. పార్టీ సీట్లను, అది అప్పటికే పొందిన శాఖల సంఖ్యకు ఒకటి కలిపి, ఆ మొత్తంతో భాగిస్తారు. ఎక్కువ ఫలితం వచ్చిన పార్టీ తనకు నచ్చిన శాఖను ఎంచుకుంటుంది. 2022 ఎన్నికల్లో ఐర్లండ్‌తో కలవాలనే సిన్ ఫేన్ పార్టీకి 27, బ్రిటన్‌తోనే ఉండాలనే డీయూపీ పార్టీకి 25 సీట్లు వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో మొదటి వంతు సిన్ ఫేన్‌ది, అది ఆర్థికాభివృద్ధి శాఖను తీసుకుంది. తర్వాత డీయూపీ విద్యను ఎంచుకుంది. ఇక సిన్ ఫేన్ లెక్క 13.5కు దిగినా, మూడో వంతు కూడా దానిదే అయింది.

మరో జవాబు: న్యాయశాఖను మాత్రం ఈ లెక్కతో పంచరు. పోలీసు వ్యవస్థ అక్కడ ఎంతో సున్నితమైనది కనుక, ఐర్లండ్‌తో కలవాలనే, బ్రిటన్‌తోనే ఉండాలనే ఇరు వర్గాల సభ్యుల మద్దతుతో సభే ఆ మంత్రిని ఎన్నుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. ఉప ప్రథమ మంత్రి రాజీనామా చేస్తే?

జవాబు: ప్రథమ మంత్రి, ఉప ప్రథమ మంత్రి ఇద్దరివీ సమాన అధికారాలు, ఒకరు తప్పుకుంటే రెండోవారి పదవీ పోతుంది. 2022 ఫిబ్రవరిలో ప్రథమ మంత్రి పాల్ గివన్ రాజీనామాతో అదే జరిగింది. పూర్తి ప్రభుత్వం మళ్లీ ఏర్పడటానికి రెండేళ్లు పట్టడం నాకు చాలా బాధ కలిగించింది.