అప్‌డేట్: పాత వీసీఆర్ బొమ్మ కొత్త టీవీలో వచ్చింది

వీసీఆర్‌ను (వీడియో క్యాసెట్లు ఆడించే పెట్టె) కొత్త టీవీకి కలిపితే మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ రావడం లేదని పోయిన వారం అడిగాను. ఈ ఉదయం వచ్చింది!

లోపం వీసీఆర్‌ది కాదు, తీగది. మా టీవీకి పసుపు (బొమ్మకు), తెలుపు, ఎరుపు (శబ్దానికి) రంధ్రాలు లేవు, బొమ్మా శబ్దమూ కలిసి వెళ్లే 3.5 మి.మీ. ఆడియో-వీడియో రంధ్రం ఒక్కటే ఉంది. దానిలో గుచ్చేందుకు, అవతలి కొసన ఆ మూడు రంగుల రంధ్రాలున్న ఒక చిన్న తీగ తిరుపతి గాంధీ రోడ్డులో కొన్నాను. ఈ తీగలన్నీ ఒకే రకమని అనుకోవడమే నా పొరపాటు. పైకి ఒకేలా కనిపించినా, లోపల ఏ రంగు రంధ్రం 3.5 మి.మీ. పిన్ను మీది ఏ వలయానికి కలుస్తుందన్నది తయారీని బట్టి మారుతుంది. నేను కొన్నదానిలో బొమ్మ దారి ఎరుపు రంధ్రానికి ఉంది. కుడి స్పీకరులో వినిపించిన 'జుయ్' మనే రొద నిజానికి దారి తప్పిన బొమ్మే! వీసీఆర్ నుంచి వచ్చే పసుపు పిన్ను తీసి తీగ ఎరుపు రంధ్రంలో గుచ్చగానే తెర వెలిగింది. సంకేతాన్ని మార్చే కన్వర్టర్ పెట్టె కొనే అవసరం రాలేదు.

అడుగున చారలు కనిపిస్తే వీసీఆర్ మీది ట్రాకింగ్ మీట (టేపును సరిగ్గా చదివేలా సర్దేది) సర్దాను. మనుషులు లావుగా సాగినట్టుంటే టీవీలో బొమ్మ ఆకారం 4:3 (పాత టీవీల వెడల్పు-ఎత్తు నిష్పత్తి) పెట్టాను.

క్యాసెట్టులో 1994 నాటి అక్క పెళ్లి. కపిలతీర్థం మెట్ల మీద నాయనమ్మ కొంగు సర్దుకుంటూ కెమెరా వైపు చూసి ఏదో అంది. అమ్మ అక్కడే ఆపించి, మూడుసార్లు వెనక్కి తిప్పించి చూసింది.

సలహా ఇచ్చిన అందరికీ మనసారా కృతజ్ఞతలు.